రాజు సంతకం, మంత్రి బాధ్యత: రాజ్యాంగబద్ధ రాచరికం ఎలా నడుస్తుంది?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. బ్రిటన్ లాంటి దేశాల్లో బిల్లుకు ఆమోదం ఇచ్చేది రాజు, ప్రధానమంత్రిని నియమించేది రాజు, కోర్టులు నడిచేది రాజు పేరు మీద, సైన్యం విధేయత రాజుకే. మరి ఆయన "నేను సంతకం పెట్టను" అంటే ఏమవుతుంది? ఆయన మీద కేసు వేయొచ్చా? పార్లమెంటు తల్చుకుంటే ఆయన్ని దించేయగలదా? ఎక్కడ చదివినా "రాజు నామమాత్రుడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, దాంతో తృప్తి కలగలేదన్నారు. కలగకపోవడమే సబబు. ఆ ఒక్క ముక్క కింద నాలుగు వందల ఏళ్ళ పోరాటం ఉంది.

రాజ్యాంగ చట్టం పాఠం చెప్పేటప్పుడు నేను విద్యార్థులకు మొదట నేర్పేది ఒకటే అలవాటు. ఏ అధికారిక పని జరిగినా, అది ఎవరి పేరు మీద జరిగిందో కాసేపు పక్కన పెట్టండి. దానికి సభలో నిలబడి జవాబు చెప్పాల్సింది ఎవరో వెతకండి. రాజు సంతకం పెట్టిన ప్రతి కాగితం వెనక ఒక మంత్రి ఉంటాడు. సంతకం పడేది ఆ మంత్రి సలహా ప్రకారం, తప్పు జరిగితే నిలదీసేది ఆ మంత్రినే. నెదర్లాండ్స్ రాజ్యాంగం 42వ అధికరణ ఈ మాటను సూటిగా రాసుకుంది: ప్రభుత్వం అంటే రాజు, మంత్రులు కలిసి, ప్రభుత్వం చేసే పనులకు బాధ్యులు మాత్రం మంత్రులే, రాజు కాదు. డెన్మార్క్ రాజ్యాంగం మొదటి పేజీలు చదివితే రాజే సర్వాధికారి అనిపిస్తుంది. 14వ సెక్షన్ దాకా వెళ్తే గానీ, పక్కన మంత్రి సంతకం కూడా ఉంటేనే రాజు సంతకం చెల్లుతుందన్న సంగతి బయటపడదు. అందుకే ఈ దేశాల రాజ్యాంగాలను పైపైన అక్షరాలా చదివితే మోసపోతాం.

బ్రిటన్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, మిగతా చాలా దేశాలకు మూసపోత అదే కాబట్టి. అక్కడ "ఇదే మా రాజ్యాంగం" అని చూపించడానికి ఒకే పుస్తకం లేదు. పార్లమెంటు చట్టాలు, కోర్టు తీర్పులు, ఎక్కడా రాసిపెట్టని సంప్రదాయాలు, ఇవన్నీ కలిస్తే రాజ్యాంగం. 1610లో మొదటి జేమ్స్ రాజు పార్లమెంటు ఊసు లేకుండా ప్రకటనలతో కొత్త నేరాలు సృష్టించబోతే, జడ్జి ఎడ్వర్డ్ కోక్ తన సహచరులతో కలిసి అడ్డు చెప్పాడు: దేశపు చట్టం ఇచ్చిన అధికారం తప్ప రాజుకు వేరే అధికారం ఏదీ లేదని. ఈ తీర్పును గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది. ఆ మాట గద్దె మీదున్న వాళ్ళకు అంత తేలిగ్గా ఎక్కలేదు. జేమ్స్ కొడుకు మొదటి చార్లెస్ పార్లమెంటుతో యుద్ధం చేసి ఓడిపోయాడు, 1649లో ఆయనకు శిరచ్ఛేదం జరిగింది. చార్లెస్ కొడుకు రెండో జేమ్స్ 1688లో దేశం విడిచి పారిపోయాడు. మరుసటి ఏడాది, 1689లో వచ్చిన బిల్ ఆఫ్ రైట్స్ గీత గీసేసింది: పార్లమెంటు అనుమతి లేకుండా రాజు పన్ను వేయకూడదు, చట్టాన్ని నిలిపివేయకూడదు, శాంతికాలంలో సైన్యాన్ని పోషించకూడదు. పన్నూ సైన్యమూ చేజారాక రాజుకు సొంతంగా పాలించే దారి మూసుకుపోయింది. 1701 నాటి చట్టం ఇంకో మెట్టు ఎక్కి, జడ్జీలను రాజు తన ఇష్టం వచ్చినప్పుడు తీసేసే వీలు లేకుండా చేసింది. సీనియర్ జడ్జిని తొలగించాలంటే రెండు సభలూ కలిసి కోరాలి. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక తేడా బాగా పట్టుకోవాలి. మనిషిగా రాజు వేరు, క్రౌన్ వేరు. క్రౌన్ అంటే మొత్తం ప్రభుత్వ యంత్రాంగానికి చట్టం తొడిగిన ముసుగు లాంటిది. ఇంగ్లండులో దొంగతనం కేసైనా హత్య కేసైనా రాజు వర్సెస్ ఫలానా అని నడుస్తుంది, కానీ ఆ కేసు పెట్టాలా వద్దా అని నిర్ణయించేది ప్రాసిక్యూషన్ సర్వీసు లాయర్లు. 2022 సెప్టెంబరు 8న రెండో ఎలిజబెత్ రాణి చనిపోయినప్పుడు ఏ కేసూ ఆగలేదు, ఏ మంత్రి పదవీ ఊడలేదు. క్వీన్స్ కౌన్సెల్ హోదా ఉన్న సీనియర్ లాయర్లు ఆ క్షణం నుంచే కింగ్స్ కౌన్సెల్ అయ్యారు, అంతే.

ప్రధానమంత్రిని రాజు "ఎంచుకోవడం" కూడా ఇలాంటిదే. దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్‌లో 650 మంది ఉంటారు. ఆ సభ విశ్వాసం ఎవరికి ఉంటే వాళ్ళనే పిలవాలి. ఒకే పార్టీకి మెజారిటీ వస్తే రాజుకు ఆలోచించాల్సిన పనే లేదు. ఎవరికీ రాకపోతే? 2010 మే 6న జరిగిన ఎన్నికల్లో అదే జరిగింది. పార్టీలు అయిదు రోజులు బేరసారాలు చేసుకున్నాయి. ఆ అయిదు రోజులూ పాత ప్రధాని గోర్డన్ బ్రౌన్ పదవిలోనే ఉన్నాడు, రాణి మాత్రం ఆ తతంగానికి దూరంగా ఉండిపోయింది. మే 11న బ్రౌన్ రాజీనామా చేశాకే డేవిడ్ కామెరాన్‌ను పిలిచింది. తేల్చుకోవాల్సింది పార్టీలు, తేలినదాన్ని లాంఛనంగా ముగించేది రాజు. కొన్ని దేశాలు ఆ లాంఛనం కూడా వద్దనుకున్నాయి. స్వీడన్‌లో 1974 నాటి రాజ్యాంగ చట్టం ప్రకారం ప్రధాని పేరు ప్రతిపాదించేది పార్లమెంటు స్పీకర్. రాజు బిల్లుల మీద సంతకం కూడా పెట్టడు. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ ఏర్పాటు చర్చలను మొదలుపెట్టే పనిని 2012లో రాణి చేతి నుంచి తీసి దిగువ సభే చూసుకోవడం మొదలుపెట్టింది.

చట్టం చేసే పద్ధతి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. బిల్లు కామన్స్‌లోనూ లార్డ్స్‌లోనూ నెగ్గాలి. ఎగువ సభ అయిన లార్డ్స్ సభ్యులను ప్రజలు ఎన్నుకోరు, అందుకే 1911, 1949 చట్టాలు వాళ్ళ అధికారాన్ని కత్తిరించాయి. ఆర్థిక బిల్లును ఒక నెలకు మించి ఆపలేరు, మిగతా బిల్లుల్లో చాలావాటిని సుమారు ఏడాదికి మించి ఆపలేరు. రెండు సభలూ అయ్యాక రాజు ఆమోదం. ఆ ఆమోదాన్ని సభలో ఈనాటికీ నార్మన్ ఫ్రెంచి భాషలోనే ప్రకటిస్తారు. బ్రిటన్‌లో ఆమోదం నిరాకరించిన ఆఖరి సందర్భం 1708, ఆన్ రాణి కాలంలో, స్కాట్లండు మిలీషియా బిల్లు. అది కూడా మంత్రుల సలహా మీద జరిగిందే తప్ప రాణి మొండికేయడం వల్ల కాదు.

మరి రాజు నిజంగానే మొండికేస్తే? దీనికి ఊహాగానం అక్కర్లేదు, బెల్జియంలో జరిగింది. 1990లో అక్కడి పార్లమెంటు గర్భస్రావాన్ని కొన్ని పరిస్థితుల్లో అనుమతిస్తూ చట్టం చేసింది. బౌడ్విన్ రాజు గట్టి కాథలిక్కు, పైగా ఆయనకు పిల్లలు లేరు. తన మనస్సాక్షి ఒప్పుకోదనీ, సంతకం పెట్టలేననీ ప్రధాని విల్‌ఫ్రీడ్ మార్టెన్స్‌కు ఉత్తరం రాశాడు. అదే ఉత్తరంలో, తన వల్ల ప్రజాస్వామ్యం ఆగిపోకూడదనీ, చట్టపరంగా ఏదైనా దారి చూడమనీ కోరాడు. రాజు పాలించలేని స్థితిలో ఉంటే ఆయన అధికారాలను మంత్రిమండలి ఉమ్మడిగా వాడొచ్చని బెల్జియం రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది. రాజుకు జబ్బు చేస్తేనో శత్రువుల చేతికి చిక్కితేనో పనికొస్తుందని పెట్టుకున్నది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన తండ్రి జర్మన్లకు బందీగా ఉన్నప్పుడు వాడినది అదే. ఇప్పుడు మంత్రివర్గం దాన్నే బయటికి తీసింది. రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని ప్రకటించి, మంత్రులే తలా ఒక సంతకం పెట్టి చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. ఏప్రిల్ 5న రెండు సభలూ కలిసి కూర్చుని, ఆ స్థితి తొలగిపోయిందని ఓటేసి, రాజును తిరిగి గద్దె మీద కూర్చోబెట్టాయి.

దీన్ని రాజు మనస్సాక్షి గెలిచిన కథగా చెప్తుంటారు. ఆయన నిజాయితీ మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ కథ చెప్పేది అంతకన్నా పెద్ద సంగతి. రాజు అడ్డం తిరిగినా చట్టం ఆగలేదు, ఆయన్నే కాసేపు పక్కకు జరిపింది. లక్సెంబర్గ్‌లో 2008లో గ్రాండ్ డ్యూక్ హెన్రీ కారుణ్య మరణం బిల్లుకు ఆమోదం ఇవ్వలేనన్నప్పుడు అక్కడివాళ్ళు ఏకంగా రాజ్యాంగాన్నే సవరించారు. బిల్లును ఆమోదించే అధికారం తీసేసి, ప్రకటించే బాధ్యత మాత్రం మిగిల్చారు. జపాన్‌లో ఈ గొడవకు తావే లేదు. 1947లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం చక్రవర్తిని దేశానికి చిహ్నం అంటుంది, పాలనకు సంబంధించిన అధికారాలేవీ ఆయనకు లేవని 4వ అధికరణ నేరుగా చెప్తుంది.

ఇప్పుడు కోర్టులు. "రాచరికం" అన్న ముద్ర న్యాయవ్యవస్థ గురించి దాదాపు ఏమీ చెప్పదు. బ్రిటన్‌లో పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకు లేదు. 1998 నాటి మానవ హక్కుల చట్టం కింద, హక్కులకు విరుద్ధంగా ఉందని ప్రకటించగలదు, ఆపైన సరిదిద్దడం పార్లమెంటు ఇష్టం. నెదర్లాండ్స్‌లో కూడా చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో కోర్టులు చూడకూడదని 120వ అధికరణ చెప్తుంది. స్పెయిన్‌లో మాత్రం చట్టాలను కొట్టేయగల రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. మూడూ రాచరికాలే. ఒక్క బ్రిటన్‌లోనే మూడు న్యాయవ్యవస్థలున్నాయి: ఇంగ్లండు, వేల్స్ కలిపి ఒకటి, స్కాట్లండుది ఒకటి, ఉత్తర ఐర్లండుది ఒకటి. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం 2009 దాకా విడిగా లేదు, లార్డ్స్ సభలోనే న్యాయమూర్తుల కమిటీగా ఉండేది. 2005 చట్టంతో దాన్ని వేరుచేసి సుప్రీంకోర్టు పెట్టారు.

ఆ సుప్రీంకోర్టు పదేళ్ళకు ఇచ్చిన ఒక తీర్పు ఈ వ్యవస్థ మొత్తాన్నీ ఒక్కచోట చూపిస్తుంది. 2019 ఆగస్టు 28న స్కాట్లండులోని బాల్మోరల్ కోటలో రాణి ఎదుట ఆమెకు సలహా ఇచ్చే ప్రివీ కౌన్సిల్ సమావేశమైంది. ప్రధాని బోరిస్ జాన్సన్ సలహా: పార్లమెంటును అక్టోబరు 14 దాకా ప్రొరోగ్ చేయాలి, అంటే సమావేశాలను ముగించి సభలను మూసి ఉంచాలి. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటపడాల్సిన గడువు అక్టోబరు 31. అంత కీలకమైన సమయంలో అయిదు వారాలు సభే ఉండదన్నమాట. రాణి ఆమోదించింది. సంప్రదాయం ప్రకారం ఆమె చేయగలిగింది అదే. విషయం కోర్టుకెక్కింది. సెప్టెంబరు 24న పదకొండు మంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. సరైన కారణం చూపకుండా పార్లమెంటును తన పని చేయనీకుండా ఆపే అధికారం ప్రధానికి లేదు, కాబట్టి ఆ సలహా చట్టవిరుద్ధం. సలహా చెల్లనప్పుడు దాని మీద పుట్టిన రాజాజ్ఞ కూడా చెల్లదు. రాణి తరఫున సభకు వెళ్ళిన కమిషనర్ల చేతిలో ఉన్నది ఉత్త తెల్లకాగితంతో సమానం అన్నారు. ఆ తీర్పుకు ఆధారంగా చూపిన పాత తీర్పుల్లో 1610 నాటి కోక్ తీర్పు ఒకటి. మర్నాడే సభలు మళ్ళీ కూర్చున్నాయి. గమనించారా, రాణిని ఎవరూ తప్పు పట్టలేదు, ఆమె కోర్టుకు రావాల్సిన అవసరమూ పడలేదు. తప్పంతా సలహా ఇచ్చిన మనిషి మీదే పడింది.

రాజు మీద కేసు వేయొచ్చా అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. వ్యక్తిగా ఆయన మీద బ్రిటన్‌లో సివిల్ కేసూ నడవదు, క్రిమినల్ కేసూ నడవదు. ప్రభుత్వం మీద మాత్రం నడుస్తుంది. 1947 చట్టం వచ్చాక క్రౌన్ మీద నష్టపరిహారం దావా వేయడం మామూలు విషయం అయింది. అంతకన్నా గట్టి ఉదాహరణ 1993ది. జైర్ (ఇప్పటి కాంగో) నుంచి శరణు కోరి వచ్చిన ఒకాయన్ని, కోర్టు ఆపమన్నా వినకుండా దేశం నుంచి పంపించేశారు. వెనక్కి రప్పించమని జడ్జి ఆదేశిస్తే, ఆ ఆదేశాన్ని పాటించనక్కర్లేదని హోం మంత్రి నిర్ణయించాడు. క్రౌన్‌ను క్రౌన్ కోర్టులే ఎలా ఆజ్ఞాపిస్తాయి అన్నది ప్రభుత్వం వాదన. లార్డ్స్ న్యాయమూర్తులు దాన్ని ఒప్పుకోలేదు. మంత్రి కోర్టు ధిక్కారానికి పాల్పడ్డాడని తేల్చారు. రాజుకున్న రక్షణను మంత్రి తన కవచంగా వాడుకోలేడు, ఆ తీర్పు సారం అది. మలేషియా ఇంకా ముందుకు వెళ్ళి, 1993లో రాజ్యాంగాన్ని సవరించి, సుల్తానుల మీద వచ్చే కేసుల కోసం ప్రత్యేక కోర్టే పెట్టింది.

అంతా బాగుందా అంటే, లేదు. నన్ను బాగా ఇబ్బంది పెట్టేది కంటికి కనపడని పలుకుబడి. తనను సంప్రదించమనే హక్కు, మంత్రులను ప్రోత్సహించే హక్కు, హెచ్చరించే హక్కు రాజుకు ఉంటాయని 19వ శతాబ్దంలో బ్రిటిష్ రచయిత వాల్టర్ బాజెట్ చెప్పాడు, ఇప్పటికీ అందరూ వల్లించేది అదే. ప్రధానితో రాజు మాట్లాడుకునే మాటలు రహస్యం. రాజు అధికారాలను గానీ సొంత ఆస్తులను గానీ తాకే బిల్లు అయితే, అది పార్లమెంటులో నెగ్గేలోపే రాజు సమ్మతి తీసుకోవాలి. ఇది చివర్లో వచ్చే ఆమోదం లాంటిది కాదు, ముందే వచ్చే గేటు. అది కూడా మంత్రుల సలహా మీదే ఇస్తారు, నిజమే. కానీ బిల్లు ముసాయిదా ఆ గడప దాకా వెళ్తుందని తెలిసినప్పుడు రాసేవాళ్ళ చెయ్యి కాస్త వెనకాడదని ఎవరూ హామీ ఇవ్వలేరు. చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు మంత్రులకు రాసిన ఉత్తరాలను బయటపెట్టాలని ఒక పత్రిక ఏళ్ళ తరబడి పోరాడితే, 2015లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక గానీ అవి జనం ముందుకు రాలేదు. ఈలోపే సమాచార హక్కు చట్టాన్ని సవరించి, రాజుతోనూ వారసుడితోనూ జరిగే ఉత్తరప్రత్యుత్తరాలకు పూర్తి మినహాయింపు ఇచ్చేశారు. బాధ్యత మంత్రిదే అయినప్పుడు, ఆ మంత్రి మీద పడిన ఒత్తిడి ఏమిటో తెలుసుకునే హక్కు జనానికి ఉండాలి కదా. ఈ వ్యవస్థలో అన్నిటికన్నా ముందు బాగుచేయాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఇంకో బలహీనమైన చోటు, సంక్షోభ సమయంలో మంత్రుల సలహా లేకుండానే వాడే మిగులు అధికారాలు. ఆస్ట్రేలియాలో రాజు తరఫున గవర్నర్ జనరల్ ఉంటాడు. 1975లో ఎగువ సభ బడ్జెట్ నిధులను ఆపేసింది. దిగువ సభలో మెజారిటీ ఉన్న ప్రధాని గాఫ్ విట్లమ్ దిగనన్నాడు. నవంబరు 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ఆయన్ని బర్తరఫ్ చేసి, ప్రతిపక్ష నేత మాల్కమ్ ఫ్రేజర్‌ను ఆపద్ధర్మ ప్రధానిగా కూర్చోబెట్టాడు. అదే రోజు దిగువ సభ ఫ్రేజర్ మీద అవిశ్వాసం తెలిపింది, అయినా సభ రద్దయింది. ఎన్నికల్లో ఫ్రేజర్ గెలిచాడు. కెర్ వాడింది రాజ్యాంగంలో రాసి ఉన్న అధికారమే, కానీ దాన్ని ఎప్పుడు వాడాలో చెప్పాల్సిన సంప్రదాయం ఆ రోజు పట్టు తప్పింది. రాసిపెట్టని నియమాల మీద ఆధారపడే వ్యవస్థకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రాజ్యాంగం ఉన్నంత మాత్రాన ప్రతి రాచరికమూ ఈ కోవలోకి రాదని కూడా గుర్తుంచుకోండి. మొరాకో, జోర్డాన్‌లలో రాజ్యాంగాలు, ఎన్నికలు ఉన్నాయి, అసలు అధికారం మాత్రం రాజు దగ్గరే గట్టిగా ఉంది. ఐరోపాలోనే ఉన్న లీచ్‌టెన్‌స్టైన్‌లో 2003లో ప్రజలే ఓటేసి తమ ప్రిన్స్‌కు ఎక్కువ అధికారాలిచ్చారు, ఆయన వీటో ఇప్పటికీ పనిచేసే ఆయుధమే. నేపాల్‌లో 1990 రాజ్యాంగం రాజును హద్దుల్లో పెట్టింది. 2005 ఫిబ్రవరిలో జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని తీసేసి అధికారం తన చేతిలోకి తీసుకున్నాడు. మూడేళ్ళ పైచిలుకుకే, 2008 మే 28న రాచరికమే రద్దయింది.

చివరి ప్రశ్న, రాజును దించేయొచ్చా అని. గద్దె ఎవరిదో తేల్చేది రక్తం ఒక్కటే అనుకుంటాం గానీ, బ్రిటన్‌లో అది కూడా పార్లమెంటు చట్టమే తేలుస్తుంది. 1701 చట్టమే ఈనాటి వంశానికి కిరీటం దక్కేలా చేసింది. 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ తనంతట తాను తప్పుకోవాలన్నా పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. జపాన్ చక్రవర్తి అకిహితో 2019లో గద్దె దిగడానికి కూడా ముందు 2017లో ప్రత్యేక చట్టం కావాల్సి వచ్చింది. భూటాన్ 2008 రాజ్యాంగంలోనే రాజుకు 65 ఏళ్ళకు పదవీ విరమణ రాసిపెట్టింది, పార్లమెంటు, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా తొలగించే మార్గం కూడా పెట్టుకుంది. బ్రిటిష్ రాజునే తమ రాజుగా ఉంచుకున్న దేశాలకు ఎవరి దారి వారిది. ఆస్ట్రేలియా 1999లో రెఫరెండం పెడితే గణతంత్రం ప్రతిపాదన ఓడిపోయింది. బార్బడోస్ రెఫరెండం జోలికి పోకుండా పార్లమెంటులోనే రాజ్యాంగాన్ని సవరించుకుని 2021 నవంబరు 30న గణతంత్రం అయింది. కాబట్టి మీరు ఏ దేశాన్ని చదువుతున్నా, ముందు ఆ దేశ రాజ్యాంగంలో సవరణ పద్ధతి చెప్పే భాగం తీసి చూడండి, తర్వాత మంత్రుల సంతకం గురించి చెప్పే అధికరణ చదవండి. రాజు అధికారాలు ఏకరువు పెట్టే పేజీలను ఆ రెండూ అయ్యాకే తెరవండి.